పదకొండు ‘మా’లు

న్యా సెఫెరినా పొయ్యి ముందు కూర్చుని తడి కట్టెల్ని తిడుతోంది. తిడుతూ తిడుతూ కిటికీలోంచి చూస్తే, కొత్తగా వచ్చిన కుర్ర పంతులమ్మ బడి పెరట్లో బెంచీ ఎక్కి, ఆ బెంచీ మీద కుర్చీ వేసుకుని, ఆ కుర్చీ మీద నిలబడి ఆకాశానికి చెయ్యి చాచి ఉంది.

“దిగవే అమ్మాయ్! ఆ కుర్చీకి మూడు కాళ్ళే పనిచేస్తాయి.”

“ఒక్క నిమిషం న్యా సెఫెరినా! వస్తోంది, వస్తోంది…”

“ఏం వస్తోందే? వానా?”

“సిగ్నల్!”

సెఫెరినా కట్టె పొయ్యిలోకి విసిరికొట్టింది. తాను దూర సందు లేదు, మెడకో డోలు. ఈ బడికి గట్టి తలుపు లేదు, బావికి కొత్త తాడు లేదు, పిల్లలకు సరిపడా బెంచీలు లేవు. పాఠం మాత్రం ఆకాశంలోంచి దిగాలట.

ఇతా కురుసు ఊరి బడిలో ముప్ఫై ఒక్క ఏళ్ళుగా పిల్లలకు పొద్దుటి కొసీదో కాచేది ఆమే. ఇనప మూకుట్లో టీ ఆకులాంటి మాతే ఆకు, చక్కెర వేసి, పైన నిప్పు కణిక పెట్టి, చక్కెర చిటపటలాడి పొగలేస్తుంటే నీళ్ళు పోసి, వడకట్టి, పాలు కలుపుతుంది. ఆ మాడు వాసన వాగు అవతలిదాకా పోతుంది. అరవై ఏడేళ్ళ మనిషి. పెద్దావిడ కాబట్టి పేరు ముందు ‘న్యా’ పెట్టి పిలవాలి; ఆ ఊళ్ళో పెట్టకుండా పిలిచిన వాడు ఇంతవరకూ లేడు. సంతకం చేస్తుంది. అక్షరాలు కూడబలుక్కుని చదువుతుంది. అంతకుమించి చదువు లేదు, ఆ సంగతి ఎవరైనా ఎత్తితే ఒప్పుకోదు. “ఆ బడే నాకు చాల్లేదు” అంటుంది.

జరిగింది ఇది. తొమ్మిదేళ్ళప్పుడు, మూడో తరగతిలో, దాహం వేసి పంతులమ్మను నీళ్ళడిగింది. ఇంట్లో మాట్లాడే గ్వారానీలో అడిగింది. బడిలో స్పానిష్ తప్ప ఇంకో మాట వినపడకూడని కాలం అది. పంతులమ్మ నేల మీద కల్లుప్పు పోసి, దాని మీద మోకాళ్ళు వేయించింది. స్పానిష్‌లో నీళ్ళని ఏమంటారో సెఫెరినాకు తెలుసు. దాహం వేసినప్పుడు గుర్తు రాలేదు, అంతే. గంట కొట్టాక లేచింది, మోకాళ్ళకు అంటుకున్న ఉప్పు దులుపుకుంది, ఇంటికి నడిచింది. మళ్ళీ తిరిగి వెళ్ళలేదు. వెళ్ళింది ఇరవై ఏడేళ్ళ తర్వాత, వంటమనిషిగా.

ఇప్పుడు కాలం తిరగబడింది. అదే గ్వారానీకి పుస్తకాలొచ్చాయి, మార్కులొచ్చాయి. ఆ పుస్తకాల్లో గ్వారానీ ఎలా ఉంటుందంటే, ఎవరి అమ్మా ఎప్పుడూ మాట్లాడనిది. పిల్లలు గ్వారానీలో తిట్టుకుంటూ లోపలికెళ్ళి గ్వారానీ పరీక్ష తప్పి బయటికొస్తారు. దీన్ని చదువంటారా! ఆమెకు నవ్వొచ్చేది కాదు, అరికాలి మంట నెత్తికెక్కేది.

అప్పటికి బడులు తెరిచి మూడు వారాలు. ఆ మూడు వారాల కిందటే, పంతుళ్ళను తయారుచేసే కాలేజీ నుంచి ఆఖరి ఏడాది ప్రాక్టీసుకని ఈ పిల్లను పంపారు. పేరు జెరుతి. గ్వారానీలో జెరుతి అంటే పావురం. పేరు వరకే గ్వారానీ. పట్నంలో పెరిగింది, గ్వారానీ మాట్లాడితే పంతులమ్మ ఉద్యోగం రాదని వాళ్ళమ్మ చిన్నప్పుడు నోరు మూయించింది. ఇప్పుడేమో గ్వారానీ రాకపోతే పంతులమ్మ ఉద్యోగం రాదు. వంటింట్లో పెద్దవాళ్ళ మధ్య వినీ వినీ అర్థమైతే అవుతుంది, నోరు విప్పితే మాత్రం ముందు భయపడుతుంది, తర్వాత ఫోను తీస్తుంది.

మంచి పిల్లే. గిన్నెలు తోమిపెడుతుంది. అడిగితే ఫోనులోంచి పాఠాలు రాసిచ్చే ఆ యంత్రం కూడా పూర్తిగా పనికిరానిదేం కాదు. సెఫెరినా అబద్ధమాడే మనిషి కాదు కనుక ఇది కూడా చెప్పాలి. కోళ్ళు, నక్కలు, బుట్టలతో అది ఒక లెక్కల ఆట చెప్పింది. ఏడాదిగా బడిలో నోరు తెరవని కవల పిల్లలు ఆ రోజు గొంతు చించుకుని అరిచారు. సెఫెరినా కిటికీ దగ్గర గరిటె పట్టుకుని, తనూ లోలోపల లెక్క వేసింది. తప్పు వేసింది. ఎవరికీ చెప్పలేదు. కానీ మర్నాడు అదే యంత్రం, ‘మీరు బడికి ఎలా వస్తారు? మెట్రో, బస్సు, సైకిల్, వీటిలో ఒకదానికి రంగు వేయండి’ అని పంపింది. ఒకడు మెట్రోకి నాలుగు కాళ్ళు, తోక గీసి ఎద్దును చేసుకున్నాడు. వాడొక్కడే ఆ రోజు బుద్ధిగా ఆలోచించినవాడు.

జెరుతి కుర్చీ దిగి వంటింట్లోకి వచ్చింది. ఫోను నిండా ప్రశ్నలు.

“ఏమిటే అది?”

“కాలేజీవాళ్ళు పంపిన ఫారం, న్యా సెఫెరినా. కృత్రిమ మేధ వాడి పాఠం చెప్పడానికి మేమెంత సిద్ధంగా ఉన్నామని అడుగుతున్నారు. ఒకటి వేస్తే అసలు సిద్ధంగా లేనట్టు, ఐదు వేస్తే పూర్తిగా సిద్ధం. నలభై రెండు ప్రశ్నలు.”

“నువ్వెంత వేశావు?”

“అన్నిటికీ ఐదు.”

“పరీక్ష నీదే, మార్కులూ నీవే! నా కాలంలో ఈ సుఖం లేకపోయె. ఆ కట్టెల్ని అడుగు సిద్ధంగా ఉన్నాయో లేదో. అవి కూడా ఐదనే అంటాయి. ఊదేది నేను కదా.”

జెరుతి నవ్వింది. సెఫెరినా నవ్వలేదు. ఆమెకు ఆ వారం నవ్వు వచ్చే పరిస్థితి లేదు.

ఎందుకంటే, పై ఆఫీసు నుంచి కాగితం వచ్చింది. బడిలో పద్నాలుగు మంది పిల్లలున్నారు. వచ్చే శుక్రవారానికి ఇరవై మంది కాకపోతే ఈ బడిని మూసి, పన్నెండు కిలోమీటర్ల దూరంలోని బడిలో కలిపేస్తారు. పద్నాలుగు మందిలో పన్నెండు కిలోమీటర్లు పోయేది ఎందరు? సెఫెరినా వేళ్ళ మీద లెక్కపెట్టింది. నలుగురు. మిగతా వాళ్ళు ఆవుల వెంట పోతారు. కవలలైతే మొట్టమొదట పోతారు.

ఆరుగురు పిల్లలు కావాలి. ఆ ఆరుగురూ ఉన్నారు, కంటికెదురుగానే. వాగు అవతల. పాతికేళ్ళ కిందట ఎక్కణ్ణుంచో బళ్ళ మీద వచ్చి, ఖాళీగా పడున్న భూమిలో గుడిసెలు వేసుకున్నవాళ్ళు. ఇతా కురుసు వాళ్ళు వాళ్ళను ఆక్రమణగాళ్ళనేవారు. ఇప్పుడనరు, కానీ పెళ్ళికి పిలవరు. వాళ్ళ పిల్లలు సోయా లారీలు తిరిగే రోడ్డు వెంట ఆరు కిలోమీటర్లు నడిచి ఇంకో బడికి పోతున్నారు. ఈ బడికి రావాలంటే తాటి మొద్దుల వంతెన దాటితే చాలు. పోయినేడు ఒక పిల్లను లారీ గుద్ది కాలు విరిగింది. అప్పటినుంచి వాళ్ళు కూడా ఇటు చూస్తున్నారని మాట. పిలిచేవాళ్ళే లేరు.

శుక్రవారం మధ్యాహ్నం మామిడి చెట్టు కింద తెరెరే, అంటే చల్లనీళ్ళు పోసిన మాతే, తాగుతూ ప్రొఫె విల్ఫ్రిదో ఆ సంగతి ఎత్తాడు. ఆయనొక్కడే ఆ బడికి మాస్టారు, ఆయనే హెడ్మాస్టరు. ఇంకో రెండేళ్ళలో పింఛను. ఈ మధ్య ఏ పని చెప్పినా ముందు మోకాలు రుద్దుకుంటాడు.

“సోమవారం వాళ్ళను మీటింగుకు పిలిచాను” అన్నాడు, ఎద్దు కొమ్ము గ్లాసు అందుకుంటూ. “స్వాగతం జెరుతి చెప్తుంది. ఆమె ప్రాక్టీసు మార్కుల్లోకి కూడా వస్తుంది.”

“నేను చెప్తా” అంది సెఫెరినా. “వాళ్ళ భాషా నాదే, నోరూ ఉంది.”

“ఆ నోటి గురించే న్యా సెఫెరినా నా భయం. అదీగాక, ఉపన్యాసం కాగితం మీద ఉండాలి, పై ఆఫీసుకు పంపాలి. సరైన గ్వారానీలో.”

“సరైన గ్వారానీ!” సెఫెరినా చల్లనీళ్ళ కూజా నేల మీద పెట్టిన చప్పుడుకు కోడి ఎగిరిపోయింది. “నాది తప్పు గ్వారానీయా? ఏ గ్వారానీకి ఉప్పు మీద మోకాళ్ళు వేశానో ఆ గ్వారానీ?”

ప్రొఫె కొమ్ము గ్లాసు తిరిగి ఇస్తూ “గ్రాసియాస్” అన్నాడు. ఆ నేలలో తెరెరే తాగేటప్పుడు ‘థాంక్స్’ అంటే మర్యాద కాదు, ఇక చాలని అర్థం. ఆ మాట అననంతసేపూ గ్లాసు తిరిగి నీ దగ్గరికే వస్తుంది. ప్రొఫె ఎప్పుడూ గొడవ మొదలవగానే గ్రాసియాస్ అనేవాడు.

ఆదివారం సాయంత్రం జెరుతి సెఫెరినా ఇంటికి వచ్చింది, చేతిలో కాగితం. ఫోను చెబితే తను కాపీ చేసుకుంది, ముత్యాల్లాంటి అక్షరాలు.

“న్యా సెఫెరినా, ఒకసారి వింటారా? చదివి వినిపిస్తాను.”

సెఫెరినా పిండి కలుపుతోంది, మర్నాటి చిపా రొట్టెలకు. వింటానని నోటిదాకా వచ్చింది. అంతలో ‘సరైన గ్వారానీ’ గుర్తొచ్చింది.

“నాకెందుకు వినిపించడం? మూడో తరగతి మానేసినదాన్ని. నీ యంత్రానికే వినిపించు, అది చెప్తుంది బాగుందో లేదో.”

“అడిగాను. చాలా బాగుందంది.”

“ఇంకేం మరి!”

పిల్ల గడపలోనే కాగితం మడుచుకుని వెళ్ళిపోయింది. సెఫెరినా పిండిని అవసరమైనదానికన్నా గట్టిగా పిసికింది.

సోమవారం నాలుగింటికి అవతలివాళ్ళు వచ్చారు. తొమ్మిది మంది పెద్దలు, టోపీలు చేతుల్లో పట్టుకుని, వంతెన దాటి ఒకరి వెనక ఒకరు. కుడివైపు బెంచీల మీద కూర్చున్నారు. ఎడమవైపు ఇతా కురుసు వాళ్ళు ముందే ఆనుకుని కూర్చున్నారు, తమ ఇంటి అరుగు మీద కూర్చున్నట్టు. మధ్యలో ఒక బెంచీ ఖాళీ. సెఫెరినా చిపా పంచింది. తెరెరే మొదటి గ్లాసు అవతలివాళ్ళలో ముందు కూర్చున్న అతనికిచ్చింది. అర్సేనియో అతని పేరు, ముప్ఫై ఏళ్ళుంటాయి, చిన్న కూతురిని ఒళ్ళో పెట్టుకున్నాడు. తాగి, గ్లాసు తిరిగిచ్చాడు, ఏమీ అనలేదు. మంచి శకునమే.

జెరుతి లేచింది. కాగితం మడత విప్పింది.

ఇక్కడ ఒక సంగతి చెప్పుకోవాలి. స్పానిష్‌కు ఒకే మాట ఉంది. ‘మా’ అన్నా అదే, ‘మన’ అన్నా అదే. గ్వారానీ అలా కాదు, తెలుగులాగే రెండు మాటలున్న భాష. ఎదుటివాణ్ణి కలుపుకుంటే ‘న్యాండే’, అంటే మన. ఎదుటివాణ్ణి అవతల నిలబెడితే ‘ఓరే’, అంటే మా. ‘ఓరే’ అన్న ఆ మాట మన చెవికే ఎవరినో కసిరినట్టుంటుంది. వాళ్ళ చెవికి ఇంకెలా ఉంటుందో చూసుకోండి.

“ప్రియమైన తల్లిదండ్రులారా” అని చదివింది జెరుతి. “ఇది మా బడి.”

ఎడమవైపు ఒకాయన దగ్గాడు.

“మా బడి, మా పిల్లల కోసం. మా తాతలు కట్టిన బడి. మా భాషను, మా భూమిని ప్రేమించే బడి…”

సెఫెరినా చేతిలో కూజా ఆగిపోయింది. పిల్ల తల ఎత్తకుండా చదువుతోంది, గొంతులో పాపం ఎంత ఆప్యాయత! ఆ ఆప్యాయతతోనే ఒక్కొక్క ‘మా’ అవతలివాళ్ళ మొహాన తలుపు వేసినట్టు పడుతోంది. మా ఆశ. మా రేపు. సెఫెరినా వేళ్ళు మడుస్తూ పోయింది. పది వేళ్ళూ అయిపోయాయి. పదకొండోది ఆఖరి వాక్యంలో వచ్చింది: “మా బడిలోకి మీకు స్వాగతం.”

ఎవరూ చప్పట్లు కొట్టలేదు. కుడివైపు ఒక ముసలాయన టోపీ తలకు పెట్టుకున్నాడు. అది చూసి ఇంకొకాయన పెట్టుకున్నాడు.

ప్రొఫె మోకాలు రుద్దుకుంటూ లేచాడు. “అయ్యా, అయ్యా, మాట తడబడింది, అమ్మాయి పట్నంది…”

“అది నేను రాయలేదు!” అంది జెరుతి. అప్పటికి అర్థమైంది, మొహం సున్నమైపోయింది. ఫోను పైకెత్తి అందరికీ చూపించింది, దొంగను పట్టిచ్చినట్టు. “దీన్ని అడిగాను. నేను ‘మన’ అనే అనుకున్నాను. స్పానిష్‌లో ఇస్తే ఇది ఇలా మార్చింది.”

అర్సేనియో కూతురిని ఒళ్ళోంచి దింపి లేచాడు. అరవలేదు. అరిచినా బాగుండేది.

“మీ తప్పేం లేదు ప్రొఫెసోరా. మీ యంత్రం ఈ ఊరి గురించి నిజమే చెప్పింది.”

సెఫెరినాకు ఏం చేయాలో తోచక, చేతిలో నిండి ఉన్న కొమ్ము గ్లాసు అతని ముందు పట్టింది. అతను గ్లాసు వైపు చూడలేదు, ఆమె వైపు చూశాడు.

“గ్రాసియాస్, న్యా సెఫెరినా. ఇక్కడ నేను చాలా ఏళ్ళ కిందటే తాగాల్సింది.”

తొమ్మిది మందీ వచ్చిన దారినే, ఒకరి వెనక ఒకరు, వంతెన దాటి వెళ్ళిపోయారు. చిపా ముక్కలు బెంచీల మీద అలాగే ఉన్నాయి.

వంటింట్లో జెరుతి మూల కూర్చుని ఏడుస్తోంది. సెఫెరినా గిన్నెల మీద కోపం చూపిస్తోంది.

“నీకు తెలియదా ‘మా’కూ ‘మన’కూ తేడా? మీ అమ్మ నోరు మూయించింది గానీ చెవులు మూయించలేదు కదే!”

“తెలుసు. రాసుకుంటున్నప్పుడే అనుమానం వచ్చింది.”

“వచ్చి?”

“నేను వంటింట్లో విన్న గ్వారానీయే కదా నాకొచ్చింది. దానికి వ్యాకరణం తెలుసు. అదే కరెక్టేమో అనుకున్నాను.”

సెఫెరినా తోముతున్న మూకుడు ఆపింది. వంటింట్లో విన్న గ్వారానీ. ఉప్పు మీద మోకాళ్ళు వేసిన రోజు తనూ అదే అనుకుంది: పంతులమ్మకు తెలుసు, నాదే తప్పేమో. ఒక్క పూట అనుకుంది, తర్వాత ఆ మాట నోట్లోంచి ఉమ్మేసింది. ఈ పిల్లకు ఉమ్మేయడం ఎవరు నేర్పుతారు? నేర్పమని నిన్న గడపలో వచ్చి నిలబడితే తను పిండి పిసుకుతూ కూర్చుంది.

“ఇలా ఇవ్వు ఆ కాగితం” అంది.

కూడబలుక్కుని చదివింది. చదువుతుంటే ఆ మాటల వరుస ఎక్కడో విన్నట్టే అనిపించింది. మా తండ్రీ, మా రొట్టె, మా తప్పులు… ఉన్నట్టుండి నుదురు కొట్టుకుంది.

“దీని దుంప తెగ! ఇది గ్వారానీ నేర్చుకుంది చర్చిలోనే! ప్రార్థనలో ‘మా తండ్రీ’ అంటాం, ‘మన తండ్రీ’ అనం. ఎందుకనం? దేవుడితో చెప్తున్నాం కాబట్టి. ఆయన మనలో లెక్కకు రాడు. నీ యంత్రం చదివిన పుస్తకాలన్నీ ప్రార్థన పుస్తకాలై ఉంటాయి. దేవుడితో మాట్లాడినట్టు మనుషులతో మాట్లాడింది!”

జెరుతి ముక్కు తుడుచుకుంది. “అలాగే అయ్యుంటుందంటారా?”

“ఏమో, నాకేం తెలుసు, నేను మూడో తరగతి. కానీ నువ్వు దీన్ని అడగాల్సిన ప్రశ్న ఒకటుంది, ఎవరితో మాట్లాడుతున్నావే అని. అదడగలేదు నువ్వు.”

యంత్రం సంగతి తేలింది. కానీ అర్సేనియో చివరి మాట తేలలేదు. ‘చాలా ఏళ్ళ కిందటే తాగాల్సింది.’ ఎప్పుడు? ఏం తాగాల్సింది? పొయ్యిలో మిగిలిన నిప్పుల మీద బూడిద కప్పుతుంటే గుర్తొచ్చింది. నిప్పు తగిలి చెయ్యి కాలినట్టు గుర్తొచ్చింది.

బడికి పాలపొడి లెక్కగా వచ్చే రోజులు. పిల్లల పేర్లు గోడ మీద రాసి ఉండేవి. ఒక పొద్దున వరుసలో చివర ఎవరో పిల్లాడు నిలబడ్డాడు, ఏడేళ్ళవాడు, తీగ పిడి కట్టిన నూనె డబ్బా గ్లాసు పట్టుకుని, మోకాళ్ళదాకా వాగు నీళ్ళతో తడిసి. కొసీదో వాసన పట్టుకుని వంతెన లేని రోజుల్లో వాగు దాటొచ్చాడు. పేరు గోడ మీద లేదు. సెఫెరినా గరిటె వెనక్కి తీసుకుని ఒకే మాట అంది.

“ఇది మా పిల్లలకు, బాబూ.”

మా.

ఆ పూట మూకుట్లో రెండు గ్లాసులు మిగిలాయి. పందికి పోసింది. ఈ సంగతి కూడా గుర్తొచ్చింది, అడగకపోయినా.

బుధవారం బడి విడిచాక సెఫెరినా కూజాలో మంచు ముక్కలు వేసి, పుదీనా దంచి వేసి, కొమ్ము గ్లాసు చంకన పెట్టుకుని, “నడవ్వే” అంది జెరుతితో.

“ఎక్కడికి? ఉపన్యాసం మళ్ళీ రాయనా?”

“రాసిన దానికి సున్నం రాసుకుంటున్నాం ఇంకా! నోరు తెచ్చుకో, చాలు.”

తాటి మొద్దుల మీద ఆమె ముందు, పిల్ల వెనక. మధ్యలో మొద్దు కదిలింది. “పాతికేళ్ళలో ఈ వాగు నేనిదే దాటడం” అంది సెఫెరినా. అది గొప్పగా చెప్పబోయి, సగంలో గొప్ప కాదని తోచి, గొణిగి ఊరుకుంది.

అర్సేనియో గుడిసె ముందు మాండియోకా దుంపల మట్టి దులుపుతున్నాడు. లేవలేదు. రమ్మనలేదు, పొమ్మనలేదు. ఆమెకు కూర్చోవడానికి ముక్కాలిపీట మాత్రం కాలితో ఇటు నెట్టాడు.

సెఫెరినా కూర్చుంది. గ్లాసులో ఆకు సర్దింది, నీళ్ళు పోసింది. దారి పొడుగునా నోట్లో పేర్చుకున్న మాటలు ఒక్కటీ కనబడలేదు.

“నీ దగ్గర తీగ పిడి గ్లాసు ఉండేది” అంది.

అతని చెయ్యి దుంప మీద ఆగింది. “మా అమ్మ చేసింది.”

“గోడ మీద పేరు లేదు. లెక్క ఉండేది. పై నుంచి అడిగేవారు…” ఆగింది. తన మీద తనకే ఒళ్ళు మండింది. తను కూడా ఫోను ఎత్తి చూపిస్తోంది, నేను రాయలేదు అంటూ. “లెక్క లేదు, గాడిద గుడ్డూ లేదు. మిగిలింది. పందికి పోశాను.”

అర్సేనియో దుంప కింద పెట్టాడు. “పందికి పోశారని నాకు తెలియదు.”

“ఇప్పుడు తెలిసిందిగా. తిట్టాలంటే తిట్టు. తెరెరే వేడెక్కుతోంది.”

“చెప్పడానికి వచ్చిన మాట ఇదేనా, న్యా సెఫెరినా?”

“కాదు. బడి శుక్రవారంతో మూస్తారు, ఆరుగురు రాకపోతే. ఆ బడి…” అరవై ఏడేళ్ళలో ఎన్ని వేలసార్లు పలికిన మాటో అది, ఎప్పుడూ ఇంత బరువు లేదు. “మన బడి.”

పక్కన జెరుతి నిలబడి ఉంది. ఎవరూ అడగకుండా, ఫోను తీయకుండా, తప్పుల గ్వారానీలో అంది: “రండి. మన పిల్లలు… అక్కడ ఆట. కోళ్ళు, నక్క. మంచి ఆట.” క్రియ ఒక్కటీ లేదు. ‘మన’ మాత్రం ఉంది.

గుడిసెలోంచి చిన్నది తల బయటపెట్టింది. “నక్కా?”

అర్సేనియో గ్లాసు అందుకున్నాడు. గొట్టంతో ఆఖరు చుక్కదాకా పీల్చాడు, గరగరమని శబ్దం వచ్చేదాకా. గ్లాసు తిరిగిచ్చాడు. ఏమీ అనలేదు. సెఫెరినా మళ్ళీ పోసి ఇచ్చింది. మళ్ళీ తాగాడు. మూడోసారి పోసింది. గ్రాసియాస్ అనలేదు, పిల్లను పంపుతాననీ అనలేదు. కూజా ఖాళీ అయింది.

తిరిగి వస్తుంటే వంతెన మీద జెరుతి అంది, “ఫారంలో ఒకటి మార్చాను, న్యా సెఫెరినా. ‘యంత్రం ఇచ్చిన దాంట్లో తప్పు పట్టగలను’ అనే దగ్గర ఐదు వేశాను కదా. రెండు చేశాను.”

“రెండెందుకే? ఒకటి వెయ్యాలి నీకు.”

“అనుమానం వచ్చింది కదా. అనుమానానికి ఒకటి ఎక్కువ.”

“అనుమానం వచ్చీ అడగనిదానికి మార్కులా!” అంది సెఫెరినా. రెండడుగులు వేశాక, “అడగడానికి వచ్చావులే” అని కూడా అంది, వెనక్కి తిరక్కుండా.

శుక్రవారం ఆమె చీకటితోనే బడికి వచ్చి పెద్ద మూకుడు దించింది. ఇరవై గ్లాసులు కడిగి బోర్లించింది. అలా బోర్లించినందుకు తననే తిట్టుకుంది. ఆలు లేదు చూలు లేదు. ఏడింటికి పద్నాలుగు మంది వచ్చారు. ఏడున్నరకు వంతెన మీంచి ముగ్గురు. ఇంకాసేపటికి ఇద్దరు, ఒకడికి చెప్పులు లేవు. ప్రొఫె ఎనిమిదింటికి మూయాల్సిన రిజిస్టరు తెరిచి, పెన్ను పట్టుకుని మోకాలు రుద్దుకుంటున్నాడు. పందొమ్మిది. గడియారం ఎనిమిదికి పదినిమిషాలు. జెరుతి గేటు దగ్గర నిలబడింది, బెంచీ ఎక్కకుండా.

ఆఖరున అర్సేనియో కూతురు వచ్చింది, ఒక్కతే. తండ్రి వంతెన అవతలి మొదట్లోనే ఆగిపోయాడు, ఇటు రాలేదు. పిల్ల నేరుగా వంటింటికి నడిచి వరుసలో చివర నిలబడింది. చేతిలో సొంత గ్లాసు, ప్లాస్టిక్‌ది, గులాబీ రంగు.

“ఇక్కడ గ్లాసులు లేవనా తెచ్చుకున్నావు?” అంది సెఫెరినా.

“నాన్న తీసుకెళ్ళమన్నాడు. ఇస్తారో లేదో తెలీదన్నాడు.”

సెఫెరినాకు ఒళ్ళంతా మండింది. మూడు గ్లాసుల తెరెరే తాగి, ఇంకా నమ్మడే! కడిగి పెట్టిన ఇరవయ్యో గ్లాసు అక్కడే బోర్లించి ఉంది. ఏదో అనబోయి, వంతెన వైపు చూసి, గరిటె ముంచింది. గులాబీ గ్లాసు నిండింది. ఇంకా పోసింది. అంచు దాటి పిల్ల వేళ్ళ మీదికి కారింది.

“పొర్లిపోతోంది, న్యా సెఫెరినా!” అంది పిల్ల.

“పొర్లనీ” అంది సెఫెరినా విసుగ్గా. “అక్కణ్ణుంచి కనబడాలి కదా.”